హాస్టల్ పిల్లల తలలకు నూనె ఒక్కటే మందు కాదు

సంపాదకులకు,

వానలు పడ్డాయంటే మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల సంక్షేమ హాస్టళ్లలో చుండ్రు, పేలు తప్పవు. రెండింటికీ అందరూ చెప్పే వైద్యం ఒక్కటే: తల నిండా కొబ్బరి నూనె. మొహం మీద మొటిమ లేస్తే నూనె చేతిని దగ్గరికి కూడా రానివ్వని ఆడపిల్ల, పొట్టు రాలే మాడుకి మాత్రం అరచేతి నిండా వంపుకుని మరీ పట్టిస్తుంది. మాడు కూడా చర్మమే. పైగా మొహంలాగే నూనె గ్రంథులు దట్టంగా ఉన్న చర్మం.

మలసీజియా అనే సూక్ష్మమైన ఈస్టు (ఒక రకం శిలీంధ్రం) దాదాపు అందరి మాడు మీదా ఉంటుంది. మన జిడ్డు తినే బతుకుతుంది. తిన్నాక మిగిలే ఓలియిక్ ఆమ్లం లాంటివి కొందరి చర్మానికి పడవు. దురద, ఎరుపు, పొట్టు మొదలవుతాయి. అదే చుండ్రు. పైనుంచి రాసే నూనె ఆ ఈస్టుకి అదనపు మేత. రాసిన రోజు పొట్టు తడిసి అణిగిపోతుంది కాబట్టి తగ్గిందనుకుంటాం. తర్వాత అదే పసుపు పచ్చని బిళ్లలై వెంట్రుకల మొదళ్లకి అంటుకుంటుంది. నుదుటి అంచున వరసగా లేచే సన్న పొక్కులకు కూడా చాలాసార్లు తలనూనే కారణం.

ఉద్దానం కొబ్బరి రైతులు నా మీద కోప్పడనక్కర్లేదు. కొబ్బరి నూనె వెంట్రుకకి మంచిదే. తలస్నానానికి ముందు రాస్తే పోగులోకి కొంత ఇంకి, కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా కాస్తుంది. చెవుల కింద నుంచి కొసల దాకా, నడుము దాకా ఉన్న జుట్టుకైనా ఒకటి రెండు చెంచాలు చాలు. చుండ్రు ఉన్నన్నాళ్లు మాడుకి మాత్రం వద్దు.

ఆదివారం ఒక్కరోజు తలంటు ఈ ఉక్కలో జిడ్డు తలలకి చాలదు, వారానికి రెండుసార్లు ఉండాలి. ఒంటి సబ్బు తలకి రుద్దకూడదు. మాడు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.5 దరిదాపుల్లో ఉంటే మామూలు సబ్బుది 9, 10 ఉంటుంది. బోరు నీళ్లు కఠిన జలమైతే అందులోని కాల్షియంతో కలిసి సబ్బు తెల్లటి మడ్డిగా వెంట్రుకలకి పట్టేస్తుంది. దాన్నీ చుండ్రే అనుకుని మళ్లీ నూనె పెడతారు! కుంకుడు రసం వాడుకోవచ్చు గానీ పలచని గుడ్డలో వడకట్టాలి. పిప్పి తలలో మిగిలితే అదో దురద.

చుండ్రుకి వాడే 2 శాతం కీటోకోనజోల్ షాంపూ పనిచేయలేదని చాలామంది అంటారు. వాడిన తీరు అడిగితే సంగతి తెలుస్తుంది: మగ్గు నీళ్లలో కలిపి నెత్తిన పోసుకుని, నురగ రాగానే కడిగేసుకుంటారు. నూనె తలైతే ముందు మామూలు షాంపూతో జిడ్డు వదలగొట్టాలి. తర్వాత తడి జుట్టును వేలితో పాయలు పాయలుగా విడదీస్తూ మందు షాంపూని మాడు చర్మానికే రాయాలి. గోళ్లతో గీరకుండా వేళ్ల కొసలతో రుద్ది, మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి కడగాలి. ఆ ఆగడమే వైద్యం. వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు వారాలు, ఆ తర్వాత వారానికో రెండు వారాలకో ఒకసారి. మానేస్తే ఈస్టు మళ్లీ పెరుగుతుంది, అది మందు తప్పు కాదు. పన్నెండేళ్ల లోపు పిల్లలకి మాత్రం డాక్టర్‌ని అడిగాకే.

ఇదంతా చేసినా హాస్టల్లో ఒక చిక్కు ఉంది. తెల్లవారుజామున కుళాయి దగ్గర వరసలో నిలబడి స్నానం చేసిన పిల్ల, తడి తలనే బిగించి రెండు జడలు వేసుకుని, మడిచి రిబ్బన్లు కట్టుకుని బడికి పోతుంది. సాయంత్రం విప్పితే జడ లోపల ఇంకా చెమ్మే, ముక్క వాసన. చుండ్రుకి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. రోజూ అలా లాగి కట్టడం వల్ల కణతల దగ్గర జుట్టు పలచబడుతుంది కూడా. తలస్నానాన్ని సాయంత్రం బడి వదిలాక పెట్టి, పూర్తిగా ఆరాకే జడ వేయనిస్తే ఖర్చు లేకుండా సగం పని అవుతుంది.

పేలకి కిరసనాయిలు రాయడం ఇంకా పోలేదు. చర్మం కాలుతుంది, నిప్పు దగ్గరుంటే ప్రాణమే పోతుంది. 1 శాతం పెర్మెత్రిన్ లోషన్ దొరుకుతుంది. కండిషనర్ వాడకుండా తలస్నానం చేసి, తువ్వాలుతో అద్ది, మాడు నుంచి కొసల దాకా తడిసేలా రాసి పది నిమిషాల తర్వాత కడిగేయాలి. ఈపులన్నీ ఒక్కసారికే చావవు. మిగిలినవి వారం పది రోజుల్లో పొదుగుతాయి కాబట్టి తొమ్మిదో రోజున మళ్లీ రాయాలి. పేలున్న పిల్లలందరికీ ఒకే రోజు చేయకపోతే పక్క మంచం నుంచి మళ్లీ ఎక్కుతాయి.

మాడు మీద గుండ్రటి మచ్చలు కనిపిస్తే జాగ్రత్తగా చూడాలి. నున్నగా, పొట్టు లేకుండా ఉంటే సాధారణంగా పేనుకొరుకుడు, అది అంటుకోదు. పొట్టు, తెగిన వెంట్రుకల నల్లచుక్కలు ఉంటే తామర కావచ్చు. దువ్వెనల ద్వారా, టోపీల ద్వారా అంటుకుంటుంది. తల తామరకి పూతమందు చాలదు, డాక్టర్ రాసిన మాత్రలు వారాల తరబడి వాడాలి. రెండింటికీ గురివింద గింజ అరగదీసి రాసేవాళ్లున్నారు. అది విషపు గింజ, పిల్లలుండే చోట ఉండనే కూడదు. మందుల షాపులో చీటీ లేకుండా తెచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీము ఎరుపును కప్పిపెట్టి తామరని లోలోపల పెంచుతుంది. అలాంటి చాలా స్టెరాయిడ్ పూతమందులను కేంద్రం 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో, చేర్చింది. చీటీ అడగని షాపులపై ఔషధ నియంత్రణ అధికారులు కన్నేయాలి.

జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకి కుచ్చులుగా ఊడే జుట్టు సంగతి వేరు. చాలామందికి అది దానంతటదే తిరిగి వస్తుంది, ఖరీదైన నూనెలు అక్కర్లేదు.

సబ్బు, నూనె లాంటి వాటికి హాస్టల్ పిల్లలకిచ్చే కాస్మెటిక్ ఛార్జీలతో ఏం కొనుక్కోవాలో పిల్లలకి చెప్పేటప్పుడు ఎవరి దువ్వెన వారికి, షాంపూ అన్నవి నూనె కన్నా ముందుండాలని రెండు జిల్లాల సంక్షేమ శాఖ అధికారులను కోరుతున్నాను. పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడికొచ్చినప్పుడు చర్మవ్యాధులు ఎలాగూ చూస్తాయి. చేతులు, మెడతో ఆపకుండా తల కూడా చూడాలి. అందుకు ఆ ముందురోజు సాయంత్రమే వార్డెన్లకి కబురు పెట్టాలి: పిల్లలు నూనె రాసుకోకుండా, జడలు విప్పుకుని రావాలని. నూనె తలలో పొట్టు కనిపించదు.

— ఒక ఫార్మసీ అధ్యాపకురాలు, విజయనగరం