తాగుడు మానేవాళ్లకు ఒక బోర్డు పెట్టలేరా?

సంపాదకుడిగారికి,

పోయిన వారం మీ విశాఖ పేజీలో వేసిన ఫొటో చూసి అప్పుడే రాద్దామనుకున్నాను. కోపం తగ్గాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను, తగ్గలేదు. డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికినవాళ్లను నేల మీద వరసగా కూర్చోబెట్టారు. కుర్చీల్లో అధికారులు, వెనక ఫ్లెక్సీ. తాగుడు మానండి, కుటుంబాన్ని కాపాడుకోండి అని హితవు చెప్పారట. బాగుంది. మానదామనుకున్నవాడు రేపు పొద్దున లేచి ఎక్కడికి వెళ్లాలో ఆ ఫ్లెక్సీ మీద ఒక్క ముక్క లేదు. మీ వార్తలోనూ లేదు.

మా ఆయన ఇరవై రెండేళ్లు తాగారు. చేతులు వణికి గ్లాసు కూడా పట్టుకోలేని స్థితి వచ్చాక ఆసుపత్రిలో చేర్చాం. వారం ఉంచుకుని మందులిచ్చి పంపారు. ఆ మందులు అనవసరమని నేననను. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు, డాక్టరు చూస్తుండగానే ఆపించాలి. కానీ ఇంటికొచ్చాక సాయంత్రం ఆరింటికి ఆ మనిషిని ఏం చెయ్యాలి? ఏఏ అని, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్ అని, తాగుడు మానాలనుకునేవాళ్లే ఒకచోట కూడి ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘం ఉందని విన్నాను. "ఏఏ మీటింగులు ఉంటాయట కదండీ, ఎక్కడ?" అని అడిగితే, డిశ్చార్జి కాగితాలు రాస్తున్నావిడ తలెత్తకుండా "నెట్‌లో చూసుకోండమ్మా" అంది.

చూసుకున్నాం. మా అబ్బాయి ఫోన్లో ఒక అడ్రసు పట్టాడు. ఆదివారం సాయంత్రం ఆయన చేత గడ్డం గీయించి, ఇస్త్రీ చొక్కా వేయించి, రెండు బస్సులు మారి వెళ్లాం. గేటుకి తాళం. వాచ్‌మన్ బయటికొచ్చి "ఏటి మీటింగు? తాగుబోతోల మీటింగా? అదెప్పుడో ఎత్తీసినారు కదేటి" అని వీధంతా వినేట్టు అన్నాడు. ఇడ్లీ బండి దగ్గర నలుగురూ తిరిగి చూశారు. ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రే మళ్లీ మొదలైంది. ఇంకోసారి బయల్దేరదీయడానికి నాకు రెండు నెలలు పట్టింది.

చివరికి చెప్పిందెవరో తెలుసా? మద్దిలపాలెంలో ఎక్కిన ఆటో డ్రైవరు. మా ఇద్దరి గొడవా విని, బండి పక్కకి ఆపి, "నానూ ఎళ్తానమ్మా. ముట్టుకోక నాలుగేళ్లయిపోనాది. గురువారం అయ్యని తీసుకురా" అన్నాడు.

వెళ్తే ఏముంది? ప్లాస్టిక్ కుర్చీలు, టీ. నేనూ తాగుబోతునే అని చెప్పుకుని ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. ఫీజు లేదు. కులం, మతం అడగరు, తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. జన్మంతా ముట్టనని ఒట్టు వేయించరు, ఈ ఒక్క రోజుకి అంటారు. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో షేర్ మార్కెట్ మనిషి ఒకాయన, సర్జన్ ఒకాయన, ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్లే, ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. అలా మొదలైందట. ఇంట్లోవాళ్ల కోసం అలనాన్ అని విడిగా ఉంది. అదొకటి ఉందని నాకు తెలిసేసరికి ఇంకో ఆరు నెలలు గడిచాయి. అందరూ బాగుపడతారని చెప్పను. మా ఆయనతో పాటు వచ్చినవాళ్లలో ఇద్దరు మళ్లీ కనబడలేదు.

ఇంకో సంగతి. బయటివాళ్లు విరాళం ఇస్తామన్నా వీళ్లు పుచ్చుకోరు. గది అద్దె, టీ ఖర్చు తమలో తామే వేసుకుంటారు. అంటే ప్రభుత్వానికి రూపాయి ఖర్చు లేదు! బహుశా అందుకే ఎవరికీ పట్టలేదేమో. టెండరు లేని పని ఎవరు చేస్తారు?

అదే అమ్మడానికైతే ఎంత హడావుడి! 2024 అక్టోబరులో రాష్ట్రమంతా 3,396 షాపులకి లాటరీ తీశారు. 99 రూపాయలకే క్వార్టర్ అన్నారు. తాగేవాడికి కూర్చోడానికి ఇబ్బందని పర్మిట్ రూములు కూడా. అంతకు ముందువాళ్లు తక్కువ తిన్నారా? దశలవారీగా ఎత్తేస్తామని వచ్చి, 2019లో ప్రభుత్వమే కొట్టు పెట్టుకుని కూర్చుంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. మా పెళ్లి అయింది ఆ తర్వాతే, నా అదృష్టం.

నేను నిషేధం అడగడం లేదు. ఏ ఏరియాలో, ఏ రోజు, ఎన్ని గంటలకి మీటింగో రాసిన బోర్డు ఒకటి ఆసుపత్రుల్లో, ఆర్టీసీ కాంప్లెక్సులో, వార్డు సచివాలయాల్లో పెట్టమంటున్నాను. మందు షాపు గోడ మీద పెడితే ఇంకా మంచిది. నెలకోసారి ఎవరో ఒకరు ఫోన్ చేసి, గది మారిందా, టైము మారిందా అని కనుక్కుని దిద్దాలి. కేంద్రం 14446 అని ఉచిత హెల్ప్‌లైన్ నంబరు పెట్టింది, దాన్నీ కనబడే సైజులో రాయాలి. బీచ్ రోడ్డులో సెల్ఫీల కోసం మనిషెత్తు అక్షరాలతో ఊరి పేరు పెట్టుకున్నాం కదా, ఈ ఐదు అంకెలకి చోటు లేదా?

మీరు మాత్రం? ఫలానా కల్యాణ మండపంలో ప్రవచనం, ఫలానా హాల్లో పుస్తకావిష్కరణ అని ఊళ్లో జరిగేవన్నీ రోజూ వేస్తారు. ఆ కింద రెండు లైన్లు వీటికీ ఇవ్వండి. వేసే ముందు అక్కడికి ఫోన్ చేసి కనుక్కోండి. తాళం వేసిన గేటు అడ్రసు మాత్రం వేయకండి.

నా పేరు, ఫోన్ నంబరు విడిగా కాగితం మీద రాసి జతచేశాను, దయచేసి అచ్చు వేయొద్దు. పేపర్లో పేరు రాకూడదన్నది ఏఏ వాళ్ల నియమం. మా ఆయన దాన్ని పాటిస్తున్నారు, నేనూ పాటిస్తాను.

— ఒక పాఠకురాలు, మర్రిపాలెం, విశాఖపట్నం