గామా కిరణాల పరిశీలనలో ఈ ఖాళీ ఎందుకు?

సంపాదకుడు గారికి,

పాలపుంత నడిబొడ్డు నుంచి వచ్చే యాంటీమ్యాటర్ (మామూలు పదార్థానికి వ్యతిరేక రూపం) గామా కిరణాల గురించి ఏ కబురొచ్చినా, పత్రికలు ‘భూమికి ముప్పు?’ అని శీర్షిక తగిలిస్తున్నాయి. ముప్పు సంగతి ఒక్క లెక్కతో తేలిపోతుంది. వాతావరణానికి పైన, చదరపు సెంటీమీటరు చోట పడేది సుమారు పావుగంటకో ఫోటాన్, అంటే ఒక్క కాంతి కణం. అదీ నేల దాకా రాదు, దారిలో గాలే మింగేస్తుంది. ఇక టెన్షన్ దేనికి?

పట్టించుకోవాల్సిన వార్త మాత్రం చాలామంది కంట పడలేదు. ఈ కిరణాల మ్యాపు గీసిన ఇంటెగ్రల్ ఉపగ్రహం 2025 ఫిబ్రవరి 28న పరిశీలనలు ఆపేసింది. యూరప్ అంతరిక్ష సంస్థ 2002లో రెండేళ్ల పనికని పంపితే ఇరవై రెండేళ్లు లాక్కొచ్చింది. అందులోని జెర్మేనియం డిటెక్టర్లు సున్నాకి 190 డిగ్రీలు దిగువన పనిచేసేవి. అంతరిక్షంలోని కణాలు తగిలి అవి దెబ్బతినేవి. అందుకే ఏడాదికి రెండుసార్లు వాటిని వంద డిగ్రీలు దాటించి వేడిచేసి, బాగయ్యాక మళ్లీ చల్లబరిచేవారు. ఆ ఓపికకి దండం పెట్టాలి.

ఎలక్ట్రాను, దాని యాంటీమ్యాటర్ జోడీ అయిన పాజిట్రాను కలిసి అంతమైనప్పుడు 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ఈ కిరణాలు పుడతాయి. ఆస్పత్రిలో పెట్ స్కాన్ పట్టుకునేదీ వీటినే. మన గెలాక్సీలో సెకనుకి 1 పక్కన 43 సున్నాలు పెట్టినన్ని పాజిట్రాన్లు ఇలా మాయమవుతున్నాయి. బరువు లెక్కేస్తే దాదాపు 900 కోట్ల టన్నులు! పేలిన నక్షత్రాలు వెదజల్లే రేడియోధార్మిక అల్యూమినియం, టైటానియం వల్ల కొన్ని వస్తాయి. కానీ అలాంటి నక్షత్రాలు ఎక్కువగా ఉండేది గెలాక్సీ పళ్లెంలో. కిరణాలేమో మధ్య ఉబ్బులోనే దట్టంగా ఉన్నాయి. కృష్ణబిలాల పనా, కంటికి కనబడని కృష్ణ పదార్థం (డార్క్ మ్యాటర్) పనా? 1970లలో బెలూన్లతో మొదలైన ప్రశ్న ఇంకా తెగలేదు.

ఈ కిరణాలనే చూడబోయే నాసా వారి కోసి ఉపగ్రహం 2027లో వెళ్లాలి. దాని ప్రధాన గడువు రెండేళ్లే. గడువు దాటాక కూడా పనిచేస్తుందిలే అని కూర్చోవడం ప్రణాళిక అనిపించుకోదు. ఒక పరికరం ఆగాక ఇంకోదాని డబ్బు గురించి ఆలోచిస్తే మధ్యలో ఏళ్లు పోతాయి, ఈ పని చేయి తిరిగినవాళ్లూ వేరే దారులు చూసుకుంటారు. కోసి తర్వాత ఏమిటని అంతరిక్ష సంస్థలను మీ సైన్స్ పేజీ ఇప్పుడే అడగాలని నా కోరిక.

ఇట్లు,
ఒక పాఠకుడు