మా పద్మినిని మళ్లీ లేపినవాళ్లకి

విజయవాడ ఆటోనగర్‌లో ఒకప్పుడు ఆటో ఎలక్ట్రీషియన్‌గా చేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటూ, మొండికేసిన మా పాత పద్మిని కారుని మళ్లీ నడిపించిన ఒక పెద్దాయనకు ముందుగా మా ఇంటిల్లిపాది తరఫునా కృతజ్ఞతలు. పేరు రాయొద్దన్నారు. "రాశావంటే రేపట్నుంచి పాత బళ్లన్నీ మా గుమ్మం ముందే ఉంటాయమ్మా" అని నవ్వారు. అందుకని పెద్దాయన అనే రాస్తున్నాను. ఆయన ఫోన్‌లో ఇలాంటివి చూడరు గానీ, మనవరాలు చదివి వినిపిస్తానంది.

బండి మా నాన్నగారిది. 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని, స్టీరింగ్ పక్కన గేరు ఉండే రకం. చూసినవాళ్లంతా వింటేజ్ కారు అంటారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఆ హోదా దక్కాలంటే మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి. మాది ఇంకా మామూలు పాత కారే. 15 ఏళ్లు నిండిన కారుకి ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవాల్సిందే. 20 ఏళ్లు పైబడిన కార్లకు ఆ ఫీజు 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేశారు. నాన్నగారు కాసేపు గొణుక్కుని కట్టేశారు. ఫీజు కడితే సరిపోదు కదా, బండిని ఆఫీసు దాకా నడుపుకెళ్లి చూపించాలి. సరిగ్గా అప్పుడే అది మొండికేసింది.

మొదట్లో పొద్దున్నే లేచేది. ఇంజిన్ వేడెక్కి బెంజ్ సర్కిల్ చేరేసరికి ఆగిపోయేది. కాసేపు చల్లారితే మళ్లీ లేచేది. పోనుపోను అసలు లేవడమే మానేసింది. సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతోంది, బానెట్ ఎత్తితే పెట్రోల్ వాసన గుప్పుమంటోంది, ఇంజిన్ మాత్రం ఒక్కసారి కూడా అందుకోవట్లేదు.

ముందు చూపించిన షెడ్డులో, బ్యాటరీ కరెంటుని ప్లగ్గుల కోసం వేల వోల్టులకి పెంచే ఇగ్నిషన్ కాయిల్ మార్చారు. తర్వాత కండెన్సర్ మార్చారు. ఆ తర్వాత ప్లగ్గులు. కార్బురేటర్ విప్పి కడిగారు. ప్రతిసారీ బిల్లు వచ్చింది, బండి మాత్రం లేవలేదు. చివరికి "ఇదంతా ఈ20 పెట్రోల్ మహిమ మేడమ్, ఈ బళ్లిక నడవవు" అని (ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) తేల్చేసి, ఎందుకైనా మంచిది ఓసారి తోయించి చూడమన్నారు. మా వీధి కుర్రాళ్లూ, ఎదురు మెడికల్ షాపాయనా కలిసి రామాలయం దాకా తోశారు. ప్లగ్గులకి కరెంటే అందని బండిని గుంటూరు దాకా తోసినా లేవదట, ఆ సంగతి తర్వాత తెలిసింది. ఎండలో చెమటోడ్చిన అందరికీ థాంక్స్. ఆదివారం మా ఇంట్లో పెసరట్లు, ఉప్మాతో సహా.

మా బాబాయి కాళ్లావేళ్లా పడి పెద్దాయన్ని ఇంటికి తీసుకొచ్చాడు. చేతిలో ఒక గుడ్డ సంచి, అంతే. వస్తూనే బానెట్ ఎత్తలేదు. వరండాలో నాన్నగారి పక్కన కూర్చుని, "మాస్టారూ, దారిలో ఆగేటప్పుడు టక్కున ఆగేదా, గునిసి గునిసి ఆగేదా?" అని అడిగారు.

"టక్కునే. ఎవరో తాళం తిప్పేసినట్టు" అన్నారు నాన్నగారు.

"అయితే పెట్రోల్ కాకపోవచ్చు. పెట్రోల్ అందకపోతే గునుస్తుంది. ఇది కరెంటు గొడవలా ఉంది."

అలాగని మాట మీద వదిలేయలేదు. పెట్రోల్ వాసన పోయేదాకా ఆగి, ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత నడిమి నుంచి లావు తీగ పీకి, దాని కొసని ఇంజిన్‌కి కాస్త ఎడంగా పట్టుకుని నన్ను సెల్ఫ్ కొట్టమన్నారు. అక్కడ నీలంగా చిటపటలాడుతూ మెరవాలట. ఏమీ లేదు.

అప్పుడు సంచిలోంచి ఒక 12 వోల్టుల ఇండికేటర్ బల్బు తీశారు, రెండు తీగలు అతికించి ఉన్నది. ఒక తీగని కాయిల్ మీద డిస్ట్రిబ్యూటర్ వైపు ఉన్న బోల్టుకి, రెండోది బాడీకి పెట్టారు. "డిస్ట్రిబ్యూటర్ లోపల స్విచ్‌లాంటి పాయింట్లు ఉంటాయి. అవి మూసుకుంటే బల్బు ఆరాలి, తెరుచుకుంటే వెలగాలి. సెల్ఫ్ కొడితే మిణుకుమిణుకుమనాలి. నువ్వే చూడు" అన్నారు. కొట్టాను. మిణకలేదు, ఆరనూ లేదు. అలా వెలుగుతూనే ఉంది.

నాకు అర్థమైనంతలో చెబుతాను. తాళం తిప్పాక బ్యాటరీ కరెంటు కాయిల్ గుండా, అక్కణ్నుంచి పాయింట్ల గుండా ఎర్త్‌కి, అంటే బండి బాడీకి పోతుంది. ఇంజిన్ తిరుగుతుంటే పాయింట్లు తెరుచుకుంటాయి. తెరుచుకున్న ఆ క్షణాన పారుతున్న కరెంటు తెగి, కాయిల్ రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గులో మెరుస్తాయి. తెగాలంటే ముందు పారాలి కదా. బల్బు ఆరకుండా వెలిగిందంటే కాయిల్ దాటి కరెంటు వస్తోంది, ఎర్త్‌కి మాత్రం చేరట్లేదు. పాయింట్లకి జతగా ఉండే కండెన్సర్ షార్ట్ అయ్యుంటే కరెంటు దాని గుండా ఎర్త్‌కి పోయి, బల్బు అసలు వెలిగేదే కాదు. అంటే వెతకాల్సింది ఇక కాయిల్‌కీ పాయింట్లకీ మధ్య ఉన్న జానెడు జాగాలోనే.

డిస్ట్రిబ్యూటర్ మూత తీశారు. పాయింట్ల ముఖాలు శుభ్రంగానే ఉన్నాయి, చక్కగా మూసుకుంటున్నాయి. సందు కొలిచే పల్చటి రేకు, ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే తెరుచుకున్నప్పుడు సందూ సరిగానే ఉంది. ఇక మిగిలింది డిస్ట్రిబ్యూటర్ పక్క నుంచి లోపలి పాయింటుకి వెళ్లే చిన్న తీగ ముక్క. వేలెడంత ఉంటుంది. పైన తొడుగు ఎక్కడా చిట్లలేదు, నిక్షేపంగా కనబడుతోంది. పెద్దాయన దాన్ని రెండు వైపులా గోళ్లతో పట్టుకుని మెల్లగా లాగారు. రబ్బరు బ్యాండులా సాగింది.

"లోపల రాగి ఉంటే ఇలా సాగుతుందా అమ్మా?"

బ్లేడుతో తొడుగు చీల్చి చూపించారు. రాగి పోగులన్నీ తెగి, కొసలు నల్లబడి ఉన్నాయి. ఏళ్ల తరబడి వేడికీ, అదురుకీ, పాయింట్లు సర్దిన ప్రతిసారీ వంగడానికీ ఒక్కొక్క పోగే తెగుతూ వచ్చిందట. చల్లగా ఉన్నప్పుడు కొసలు ఎలాగో తాకేవి, వేడెక్కితే విడిపోయేవి. బెంజ్ సర్కిల్ దగ్గర రోజూ మాకు జరిగింది అదే.

సన్న పోగులున్న మెత్తటి తీగ అంతే పొడవు కోసి, రెండు కొసలా సోల్డరింగ్ చేసి బిగించారు. అక్కడ గట్టి తీగ వేస్తే కొన్నాళ్లకే మళ్లీ తెగుతుందట. బల్బు మిణుకుమంది. లావు తీగ ఎక్కించి మూత పెట్టి సెల్ఫ్ కొడితే ఇలా తిప్పానో లేదో అలా అందుకుంది. "చోక్ లోపలికి తొయ్యవే!" అని వరండాలోంచి నాన్నగారి కేక.

ఈ20 మాటని పెద్దాయన పూర్తిగా కొట్టిపారేయలేదు. ఇథనాల్ పాత రబ్బరుకి పడదు కాబట్టి పెట్రోల్ పైపులూ, ఏసీ పంపులో (ట్యాంకు నుంచి పెట్రోల్ లాగే పంపు) డయాఫ్రమ్ అనే పల్చటి పొరా మార్పించమన్నారు. తేమ పీల్చుకుంటుంది కాబట్టి ట్యాంకు నింపి నెలల తరబడి వదిలేయొద్దన్నారు. "అది రేపటి సంగతి. ఇవాళ్టి జబ్బుకి దాన్ని తిట్టి లాభం లేదు" అన్నారు. నాకు ఆయనలో బాగా నచ్చింది ఈ తూకమే. తెలిసిన కారణం ఒకటి చేతిలో ఉంది కదా అని దాని నెత్తిన అన్నీ రుద్దలేదు.

ఒక పాయింట్ల సెట్ బండిలో ఉంచుకోమని చెబితే ఇక్కడ ఎంత వెతికినా దొరకలేదు. ముంబైలో ఉన్న మా పిన్ని కొడుకు కుర్లా సీఎస్‌టీ రోడ్డులో షాపు షాపూ తిరిగి సంపాదించి పంపాడు. పద్మిని తయారైన ప్రీమియర్ ఫ్యాక్టరీ ఉన్నదీ కుర్లాలోనే. చివరి పద్మిని ట్యాక్సీ ముంబైలో 2003 అక్టోబర్‌లో రిజిస్టరైంది. అక్కడ ట్యాక్సీలకున్న 20 ఏళ్ల గడువు తీరిపోయి 2023 అక్టోబర్ 30 నుంచి ఆ ట్యాక్సీలు ముంబై రోడ్ల మీద లేవు. అయినా సామాన్లు ఇంకా దొరుకుతున్నందుకు సంతోషం. తమ్ముడూ, ఈసారి రాఖీకి నిన్ను చీర అడగను.

పెద్దాయన డబ్బులు ముట్టలేదు. "తీగ ముక్కకి బిల్లేంటి మాస్టారూ" అన్నారు. నాన్నగారే స్వయంగా నడిపి ఆయన్ని ఇంటి దగ్గర దింపొచ్చారు. దారిపొడుగునా ఇద్దరూ 1980ల నాటి పెట్రోల్ రేటు గురించే మాట్లాడుకున్నారు, వెనక సీట్లో నన్ను పట్టించుకుంటే ఒట్టు.

ఆర్సీ పని కూడా అయిపోయింది. షెడ్డులో తీసేసిన పాత కాయిల్, కండెన్సర్ రెంటినీ పెద్దాయన పరీక్షించి, భేషుగ్గా ఉన్నాయని మళ్లీ వాటినే బిగించారు. కొత్తవి రెండూ ఇంట్లో ఊరికే పడి ఉన్నాయి. విజయవాడ చుట్టుపక్కల పద్మిని ఉన్నవాళ్లెవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి. డబ్బులేమీ అక్కర్లేదు, వచ్చి పట్టుకెళ్తే చాలు. కాకపోతే ముందు ఆ బల్బు పెట్టి చూసుకుని రండి.