పిడికెడు బియ్యానికో పేరు

ఒంగోలు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

వందనాలు. ఇంట్లో అక్క, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా క్షేమం.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "నాకు ప్రార్థన చేయడం రావట్లేదురా. కళ్లు మూసుకుంటే ఆఫీసు టెన్షనే కనబడుతుంది. మాటలు దొరకవు. రెండు నిమిషాల్లో ఆమెన్ అనేసి లేస్తున్నా" అన్నావు. అప్పుడు నేను బస్టాండులో ఉన్నాను, చుట్టూ గోల. "పర్లేదులే, అందరికీ ఉండేదే" అని పెట్టేశాను. అది జవాబు కాదు. నువ్వు అంత మనసు విప్పి అడిగితే నేను అలా అనేశానే అని ఆ రాత్రంతా బాధపడ్డాను. వాట్సాప్‌లో అయితే పనుల మధ్య పైపైన చదివేస్తావు, కాగితం మీదైతే దాచుకుని మళ్లీ చదువుతావని ఇలా కూర్చున్నాను.

ముందు మాటల సంగతి చెప్తాను. సంఘంలో, అంటే చర్చిలో, పుట్టి పెరిగినవాళ్లకు ఇదొక చిక్కు. చిన్నప్పటినుంచి మనం విన్న ప్రార్థనలన్నీ గ్రాంథికంలోనే కదా. "మహోన్నతుడవైన తండ్రీ, నీ పాదములకు వందనములు చెల్లించుకొనుచున్నాము" అని పాస్టరు అయ్యగారు మొదలుపెడితే పావుగంట ఎక్కడా ఆగకుండా సాగేది. ఆ భాషంటే నాకు ఇప్పటికీ ప్రేమే. పదిమంది తరఫున ఒకరు నిలబడి మాట్లాడేటప్పుడు ఆ నిండుదనం కావాలి కూడా. కానీ గదిలో ఒంటరిగా మోకరించినప్పుడు కూడా మనం అదే భాష కోసం వెతుక్కుంటాం. అది నోటికి రాకపోతే ప్రార్థనే రాలేదనుకుంటాం. మీ నాన్నతో నువ్వు ఏ భాషలో మాట్లాడతావో దేవుడితోనూ ఆ భాషలోనే మాట్లాడు. "నాన్నా, ఇవాళ చాలా అలసిపోయాను. నీతో మాట్లాడాలని కూడా అనిపించట్లేదు" అని చెప్పు. అబద్ధం లేని ఆ ఒక్క మాటతో మొదలుపెడితే చాలు.

మా అమ్మ గుర్తుంది కదా నీకు. ఆమెకు సంతకం తప్ప చదువు లేదు. సంఘంలో ఎప్పుడూ పైకి ప్రార్థన చేసేది కాదు, ఎవరైనా అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపేసేది. ఆమె ప్రార్థనంతా వంటింట్లోనే. పొద్దున్నే బియ్యం కొలిచి చేటలో పోసేది. రాళ్లు ఏరేది. కడిగే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న పాత రేకు డబ్బాలో వేసేది. ఆ బియ్యం నెలాఖరుకి సంఘానికి పోయేవి. అయితే ఊరికే వేసేది కాదు. పిడికిలి డబ్బా మీద ఉంచి, కళ్లు తెరిచే, ఒక పేరు చెప్పేది. "అయ్యా, పెద్దోడికి ఆ ఉద్యోగం సంగతి." "అయ్యా, ఎదురింటి పిల్లకి నెలలు నిండాయి." తర్వాత వేళ్లు విప్పేది. రేకు మీద బియ్యం పడిన చప్పుడే ఆమెన్. పూటకో పేరు. నేను స్కూలు యూనిఫాంలో గడప మీద కూర్చుని వినేవాణ్ని. ఒకరోజు నీ పేరు కూడా విన్నాను. పదో తరగతిలో నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు వరసగా పదకొండు రోజులు నీ పేరే. ఈ సంగతి నీకెప్పుడూ చెప్పలేదనుకుంటాను.

ప్రార్థన రోజు మధ్యలో ఎలా ఇమడాలో నాకు నేర్పింది ఆ డబ్బానే. విడిగా గంట దొరికితే దేవునికి స్తోత్రం. దొరకనప్పుడు ఎలాగూ చేసే పనికే ప్రార్థనను కట్టేయి. నేను చేసేది చెప్తాను. పొద్దున కళ్లు తెరవగానే ఫోన్ ముట్టుకోకుండా మంచం అంచున కూర్చుని "ప్రభువా, ఈ రోజు నీది" అంటాను, అంతే. బండి స్టార్ట్ చేసేటప్పుడు ఇంట్లోవాళ్ల పేర్లు. ఆఫీసు మెట్లెక్కుతూ, ఆ రోజు ఎవరితో పడదని తెలుసో వాళ్ల పేరు. అన్నం ముందు కృతజ్ఞత. అది మనకు చిన్నప్పటి అలవాటే, కానీ హడావిడిగా గొణగడం మానేసి ఆ అన్నం వండిన మనిషిని కూడా తలుచుకుంటాను. నీ నైట్ షిఫ్టుకి ఇవే వేళలు కుదరవు. క్యాబ్ ఎక్కేటప్పుడు, లాగిన్ అయ్యేటప్పుడు, టీ బ్రేక్‌లో, అలా నీవి నువ్వు చూసుకో.

ఇంత చిన్న ప్రార్థనలు లెక్కలోకి వస్తాయా అని నీకు అనుమానం రావచ్చు. బైబిల్లో నెహెమ్యా గ్రంథం రెండో అధ్యాయం తీసి చూడు. రాజుకు ద్రాక్షారసం అందించే ఉద్యోగం నెహెమ్యాది. "నీకేం కావాలి" అని రాజు అడిగాడు. ఆ ప్రశ్నకీ తన జవాబుకీ మధ్య ఆయన పరలోకమందలి దేవునికి ప్రార్థన చేశాడని రాసి ఉంది. రాజు ఎదురుగా నిలబడ్డవాడికి ఎంత వ్యవధి ఉంటుంది, ఒక ఊపిరంత. అదే మనిషి అంతకుముందు కొన్నాళ్లు ఉపవాసం ఉండి ఏడ్చి ప్రార్థించాడు, అది మొదటి అధ్యాయం. రెండూ ఉన్నాయి చూడు ఆ మనిషి దగ్గర. ఇక ప్రభువు శిష్యుడు పేతురు నీళ్లలో మునిగిపోతూ అన్నది మూడే మాటలు, "ప్రభువా, నన్ను రక్షించుము". వెంటనే ప్రభువు చెయ్యి చాపాడు.

బైబిల్లోనే హన్నా అనే ఆవిడ అసలు గొంతు పైకి రాకుండానే ప్రార్థించింది. పెదవులు కదులుతున్నాయి, స్వరం వినబడట్లేదు. తాగి ఉందనుకున్నాడు ఏలీ. ఆయన యాజకుడు, అయినా ఆమెను చూసి పొరబడ్డాడు. దేవుడు పొరబడలేదు.

ఇప్పుడు కాస్త కష్టమైన సంగతి. ప్రభువు నేర్పిన పరలోక ప్రార్థనను మనం అర నిమిషంలో అప్పజెప్పేస్తాం. నేను ఒక ఏడాదిపాటు దాన్ని రోజుకు ఒక్క వాక్యం చొప్పున తీసుకున్నాను. పొద్దున ఒక వాక్యం అనుకోవడం, రోజంతా దాన్నే నములుతూ ఉండటం. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము" దగ్గరికి వచ్చేసరికి నేను ఇరుక్కుపోయాను. మన తెలుగు బైబిల్లో మత్తయి సువార్తలో ఉన్న మాట ఋణమే. నాకేమో నిజంగానే ఒక ఋణస్థుడు ఉన్నాడు. మా బంధువొకాయన ఇంటి పనికని 40 వేలు తీసుకుని, ఇవ్వకపోగా, పెళ్లిలో కనబడి ముఖం తిప్పుకున్నాడు. నాలుగేళ్లు మాటల్లేవు. ఆ వాక్యం వచ్చిన రోజు నోరు పెగల్లేదురా. దాటేసి తర్వాతి వాక్యానికి వెళ్లిపోయాను. మళ్లీ వంతు వచ్చింది, మళ్లీ దాటేశాను. మూడోసారి "అయ్యా, ఈ మాట నేను అనలేను, నాకు మనసు లేదు, నువ్వే ఇవ్వు" అని చెప్పాను. మనసు వెంటనే ఏం మారలేదు. కొన్ని నెలల తర్వాత ఆయనకు ఆపరేషన్ అని తెలిసినప్పుడు, నాకు తెలియకుండానే చెప్పులు వేసుకుని బయల్దేరాను. డబ్బు ఇప్పటికీ రాలేదు. ఆ వాక్యం మాత్రం అనగలుగుతున్నాను. ప్రార్థన చేస్తే పరిస్థితి మారుతుందని అందరూ సాక్ష్యం చెప్తారు, నిజమే. కానీ అది మొదట తాకేది ప్రార్థించేవాణ్నే. ఈ సంగతి సాక్ష్యాల్లో తక్కువ వినబడుతుందని నా బాధ.

జవాబు రాని ప్రార్థనల గురించి కూడా అడిగావు. నాన్న ఐసీయూలో ఉన్న తొమ్మిది రోజులు నీకు తెలుసు. ఆ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నవాణ్ని, ఐదో రోజుకి నా దగ్గర ఒక్క మాట కూడా మిగల్లేదు. బైబిల్లోని వాగ్దానాలు ఎత్తి ప్రార్థించమని ఫోన్ చేసినవాళ్లంతా చెప్తున్నారు. నాకు "అయ్యా" అనడం తప్ప ఏం రాలేదు. లిఫ్ట్ తలుపు తెరుచుకున్నప్పుడల్లా "అయ్యా". "ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో" ఆత్మ మన పక్షముగా విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఎన్నిసార్లు చదివానో, దాని అర్థం ఆ కుర్చీలోనే తెలిసింది. నాన్న పోయారు. నేను అడిగింది జరగలేదు. ఎందుకు జరగలేదో ఎవరైనా వివరించబోతే ఇప్పటికీ నాకు వినబుద్ధి కాదు.

ఆ తర్వాత నన్ను నిలబెట్టింది బైబిల్లోని కీర్తనలు. నాకు మాటలు లేనప్పుడు దావీదు మాటలు, కోరహు కుమారుల మాటలు అరువు తెచ్చుకున్నాను. మొత్తం 150 కదా, రోజుకు 5 చదివితే నెలకు పూర్తవుతాయి. నీకు రోజుకు ఒక్కటి చాలు. కానీ పైకి చదువు, మన చెవులకు వినబడేలా. 88వ కీర్తన దగ్గర ఆగు. చాలా కీర్తనలు ఏడుపుతో మొదలై స్తుతితో ముగుస్తాయి, అది అలా ముగియదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. అలాంటి మాటను దేవుడు తన గ్రంథంలోంచి తీసేయలేదంటే, మన చీకటి మాటలు కూడా ఆయన వింటాడనే కదా అర్థం. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువే ఆ శ్రమల గిన్నె తొలగించమని అడిగాడు. అడిగాకే "నీ చిత్తప్రకారమే" అన్నాడు. మనం అడగడం మానేసి నేరుగా "నీ చిత్తం" అనేస్తాం, అది విశ్వాసమనుకుంటాం. చాలాసార్లు అది నిరాశే బావా.

మన ఊరి కొండ సంగతి ఎత్తకుండా ఈ ఉత్తరం ముగించలేను. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా మిషనరీ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి మోకరించారు. నెల్లూరులో మిషను మూసేద్దామా అని అమెరికాలో మాటలు నడుస్తున్న కాలం అది. చేతిలో ఏమీ లేదు. ఒంగోలుకు ఒక సేవకుణ్ని పంపమని అడిగారు. అలా వచ్చిన సేవకుడు క్లౌ దొరగారు నెల్లూరు చేరింది 1865లో, ఒంగోలుకు ఆ మరుసటి ఏడాది. అంటే పన్నెండేళ్లు. ఆ తర్వాత గొప్ప కరవు వచ్చింది, ఆయన బకింగ్‌హాం కాలవ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కరవయ్యాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె మనకు సండే స్కూల్లో బట్టీ పట్టించారు. కానీ ఈ మధ్య నేను కొండెక్కినప్పుడు ఆ అంకె గురించి ఆలోచించలేదు. మధ్యలో పన్నెండేళ్ల గురించే ఆలోచించాను. ఆ ఏళ్లలో ప్రతి పొద్దునా వాళ్లు లేచి, నీళ్లు తాగి, పనికి వెళ్లి ఉంటారు, జవాబు లేకుండానే.

ఒక్క విషయంలో గట్టిగా చెప్తాను, ఏమీ అనుకోకు. టీవీలో, యూట్యూబ్‌లో నూనె సీసాకు ఇంత, ప్రత్యేక ప్రార్థనకు ఇంత అని అడిగేవాళ్లకు డబ్బు పంపొద్దు. నువ్వు కష్టంలో ఉన్నావు కాబట్టి చెప్తున్నా. సంఘంలో పెద్దల చేత ప్రార్థన చేయించుకో, నాకు ఫోన్ చెయ్యి, దానికి వెల ఉండదు.

మీ మేనత్తగారు ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కు కదా, ఆవిడ జపమాల చెప్పుకుంటుంటే నువ్వు చిరాకుపడతావని అక్క ఒకసారి మా ఆవిడతో అంది. నీకున్న అభ్యంతరాలు నాకు తెలుసు, కొన్ని నాకూ ఉన్నాయి. అయినా ఆ పూసలు ఆమె మనసును ఒకచోట కట్టి ఉంచుతున్నాయి. మనసు పరిగెత్తిపోతోందని ఏడుస్తున్నది నువ్వే కదా. ఒకరోజు ఆమె పక్కన ఊరికే కూర్చుని చూడు.

పిల్లలతో కుటుంబ ప్రార్థన మాత్రం పోగొట్టుకోకు. పది నిమిషాలు చాలు. మా చిన్నది మొన్న సందులో కుంటి కుక్కపిల్ల కోసం ప్రార్థించింది. "ఇలాంటివి అడగకూడదమ్మా" అనబోయి ఆగాను. పిచ్చుకల సంగతి పట్టించుకునే దేవుడికి కుక్కపిల్ల ఎక్కువా?

పాత నోటుపుస్తకం ఒకటి తీసుకో. ఎవరి కోసం ప్రార్థించావో ఆ పేరు, తేదీ రాసుకో. వేరే ఏం రాయకు. ఏడాది తర్వాత తిరగేసినప్పుడు జవాబులు నీకే కనబడతాయి.

ఇక నా మనవి. మా పెద్దమ్మాయికి ఇంటర్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి, రాత్రిళ్లు నిద్రపోవడం లేదు, భయం. దాని పేరు రాసుకో. నాకు మోకాలి నొప్పి వచ్చి కింద కూర్చోలేకపోతున్నాను, కుర్చీలోనే ప్రార్థిస్తున్నాను. దానికీ ప్రార్థించు.

అమ్మ డబ్బా ఇప్పుడు మా వంటింట్లోనే ఉంది. మూత పోయింది, అంచు కాస్త తుప్పు పట్టింది. పొద్దున మీ చెల్లి పిడికెడు బియ్యం అందులో వేస్తూ నీ పేరు చెప్పింది. క్రిస్మస్‌కి వస్తానన్నావు, తప్పకుండా రా. వచ్చినప్పుడు నీ చేత్తో ఒక పిడికెడు వేద్దువుగాని.

ప్రభువునందు,
నీ బావ