ముట్టుకున్న బంటు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం అనంతపురంలో జరిగిన స్కూళ్ల చెస్ పోటీల్లో మన తొమ్మిదో తరగతి అమ్మాయికి అన్యాయం జరిగిందని వాట్సాప్ గ్రూపులో ఒకటే చర్చ. అన్యాయం ఏమీ జరగలేదు. ఆట చివర ఆమెకు రాజు, ఒక బంటు మిగిలాయి, అవతలి అబ్బాయికి రాజు ఒక్కటే. ముందు తన రాజును అవతలి రాజుకు ఎదురుగా నిలబెట్టి, తర్వాత బంటును నడిపితే గెలిచేదే. టెన్షన్‌లో బంటును ముట్టుకుంది. ముట్టుకున్న పావునే కదపాలన్నది నియమం. దాంతో ఆట డ్రా అయింది. ఆర్బిటర్ (ఆట రిఫరీ) అడగకముందే "ముట్టుకున్నాను సార్" అని చెప్పింది మన అమ్మాయే. నాకు కప్పు వచ్చినంత సంతోషంగా ఉంది. సోమవారం ప్రేయర్‌కి ముందే వచ్చి, అదే పొజిషన్ బోర్డు మీద పెట్టి ఆరో తరగతి పిల్లలకు నేర్పిస్తోంది. వాళ్లలో ఒక చిన్నోడు ఇప్పుడు నన్నే ఓడిస్తున్నాడు!

సమ్మేటివ్ పరీక్షల టైమ్‌టేబుల్ డైరీలో అంటించాం, బస్సు ఫీజు నెలాఖరులోగా కట్టేయండి.

మళ్లీ చెస్ దగ్గరికి వస్తాను. "మా వాడు రోజూ ఆడుతూనే ఉన్నాడు, ఎందుకు గెలవడం లేదు?" అని చాలామంది అడుగుతున్నారు. ఆడటం ఒక్కటే చాలదండీ. ఆడిన ప్రతి ఆటా నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఓడిన ఆటను మర్నాడు బోర్డు మీద మళ్లీ ఆడి, ఎక్కడ తప్పిందో కంప్యూటర్‌ని అడక్కుండా తనే వెతకాలి. ఓపెనింగ్స్, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తులు, బట్టీ పట్టే ముందు రాజు, బంట్లు మాత్రమే మిగిలిన ముగింపులు నేర్చుకోవాలి. 2024 డిసెంబరులో సింగపూర్‌లో గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయిన పద్నాలుగో గేమ్ గుర్తుందా? డ్రా అవుతుందనుకున్న ఆటలో అప్పటి ఛాంపియన్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్ ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. వెంటనే గుకేశ్ ఏనుగులనూ శకట్లనూ మార్చుకుని, ఒక బంటు ఎక్కువున్న ముగింపులోకి దిగి గెలిచాడు. ఆరో తరగతిలో మేం నేర్పేది ఆ పాఠమే. మన రాష్ట్రంలోనే, గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి మొదటి గురువు వాళ్ల నాన్నగారు. 2002లో, 15 ఏళ్లకే ఆమె గ్రాండ్‌మాస్టర్ అయింది.

మీ అందరికీ పిల్లల మీద ఎంత ప్రేమో నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను, రాత్రి పదకొండు దాకా ఫోన్‌లో నిమిషం ఆటలు ఎందుకు ఆడనిస్తున్నారు? "చెస్సే కదా మేడమ్" అంటున్నారు. నిమిషంలో ముగిసే ఆటలో ఆలోచించే తీరికెక్కడిది? పొద్దున ఫస్ట్ పీరియడ్‌లో ఆ పిల్లలే కునుకు తీస్తున్నారు. దయచేసి తొమ్మిదిన్నరకు ఫోన్ మీ దగ్గర పెట్టుకోండి. ఓడి ఇంటికొచ్చిన పిల్లను "పక్కింటి వాడు గెలిచాడటగా" అని అనకండి. అన్నం పెట్టి, ఆ ఆట చూపించమనండి. మీకు ఆట రాకపోయినా ఫరవాలేదు, ఎదురుగా కూర్చుంటే తనే వివరంగా చెబుతుంది.

శనివారం సాయంత్రం నాలుగింటికి లైబ్రరీలో చెస్ క్లబ్ ఉంటుంది. నోట్‌బుక్, పెన్సిల్ ఇచ్చి పంపండి. ఫోన్ వద్దు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు