స్కాట్లాండ్‌లోని లాఖ్ కాట్రిన్ సరస్సు ఒడ్డున నన్ను ఆదుకున్న పెద్దావిడకు కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం వానలో సైకిలు నడిపించుకుంటూ వస్తున్న నన్ను తన ఇంటికి తీసుకువెళ్ళి ఆదరించిన ఒక పెద్దావిడకు అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. ఒళ్ళు నొప్పులు ఇంకా తగ్గలేదు, రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు. అయినా ఈ మాట రేపటికి వాయిదా వేయడానికి మనసు ఒప్పుకోవడం లేదు.

గ్లాస్గో చుట్టుపక్కల సైకిలు తొక్కే మన తెలుగువారిలో చాలామందికి ఆ దారి తెలిసే ఉంటుంది. అబర్‌ఫాయిల్‌లో బయలుదేరి, డ్యూక్స్ పాస్ అనే కొండదారి ఎక్కి దిగి, ట్రొస్సాక్స్ రేవు నుంచి లాఖ్ కాట్రిన్ ఉత్తరపు ఒడ్డు వెంబడి గ్లెన్‌గైల్ మీదుగా స్ట్రోనాక్లాకర్ చేరి, ఆపైన లాఖ్ కోన్, లాఖ్ ఆర్డ్ సరస్సుల పక్కగా మళ్ళీ అబర్‌ఫాయిల్‌కే వచ్చే దాదాపు 50 కిలోమీటర్ల చుట్టు దారి అది. ఉత్తరపు ఒడ్డున బయటివారి కార్లకు అనుమతి లేదు కాబట్టి సైకిలు వారికి అంతకన్నా ప్రశాంతమైన చోటు దొరకదు. కానీ ఆపద వచ్చినప్పుడు అటుగా వచ్చే బండి కూడా ఉండదు.

1671లో స్కాట్లాండ్ జానపద వీరుడు రాబ్ రాయ్ మెక్‌గ్రెగర్ పుట్టిన గ్లెన్‌గైల్ దాటి, సరస్సు కొసను చుట్టి వస్తుండగా పదునైన రాయి తగిలి నా వెనుక టైరు పక్కభాగం నిలువునా చీలింది. ట్యూబు మార్చి గాలి కొడితే కొత్త ట్యూబు ఆ చీలికలోంచి ఉబ్బి పగిలిపోయింది. అప్పటికే వాన మొదలైంది, ఫోనులో సిగ్నలు లేదు. సైకిలును తోసుకుంటూ నడుస్తున్న నా పక్కన, అక్కడే కాపురం ఉంటున్న ఆ పెద్దావిడ తన పాత ల్యాండ్ రోవర్ ఆపి, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా దిగి వచ్చి, వెనుక తలుపు తెరిచి, గొర్రెల కుక్కను ఓ పక్కకు జరగమని అదిలించి, సైకిలుకు రెండో వైపు తానే పట్టారు.

ఇంట్లో పొయ్యి పక్కన కూర్చోబెట్టి, నా బూట్లలో పాత వార్తాపత్రికలు కుక్కి ఆరబెట్టారు. నేను మాంసం తిననని చెప్పగానే సూపు గిన్నె పక్కన పెట్టేసి, రొట్టెకు వెన్న రాసి, జున్ను ముక్కలు కోసి ఇచ్చారు. ఇంటి ఫోను నుంచి మా వారికి కబురు చేయించారు. ఆ తరువాత గొర్రెల దాణా సంచి ఒకటి తెచ్చి, అరచేయంత ముక్క కత్తిరించి, రెండు మడతలు పెట్టి, టైరు లోపల చీలికకు అడ్డంగా అమర్చి, నా దగ్గర మిగిలిన ఆఖరి ట్యూబు ఎక్కించారు. చలికి, పనికి పగుళ్ళిచ్చిన వేళ్ళతో ఆవిడ ఆ ముక్క అంచులను టైరు లోపల ఎక్కడా ముడత లేకుండా తడిమి తడిమి సరిచేస్తుంటే నాకు దుఃఖం ఆగలేదు. ఎందుకు ఏడుస్తున్నావని కూడా ఆవిడ అడగలేదు, టీ కప్పు మళ్ళీ నింపి నా చేతికిచ్చారు.

కారులోనే ఊరిదాకా దింపుతారనుకున్నాను. ఈ చుట్టు పూర్తి చేయాలని ఎంత కాలంగా ఎదురుచూశానో మాటల్లో చెప్పాను కాబోలు, “నువ్వు ముందు తొక్కుతూ వెళ్ళమ్మా, నేను వెనుక వస్తాను” అన్నారు. చీకటి పడుతున్న ఆ ఇరుకు రోడ్డు మీద, లాఖ్ కోన్ దాటి కిన్‌లోఖార్డ్‌లో ఇళ్ళు కనిపించే వరకు, లైట్లు వేసుకుని సైకిలు వేగంతోనే నా వెనుక బండి నడిపారు. పెట్రోలు ఖర్చయినా తీసుకోమంటే ఒప్పుకోలేదు. పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ఒక్క మాట మాత్రం బాధతోనే చెప్పాలి. ఇలాంటి సమయంలో ఆదుకుంటుందనే ప్రతి ఏడాదీ డబ్బు కట్టే సహాయ సంస్థకు ఆవిడ ఇంటి నుంచి ఫోను చేస్తే, సైకిలు ఆగిపోయిన చోటి పోస్టుకోడు చెప్పనిదే ఫిర్యాదు నమోదు కాదన్నారు. సరస్సు ఒడ్డుకు పోస్టుకోడు ఎక్కడ నుంచి తేను? 1859లో విక్టోరియా రాణి ప్రారంభించిన నాటి నుంచి ఆ సరస్సు నీరు కొండలు తొలిచిన సొరంగాల గుండా గ్లాస్గోకు చేరుతోంది. అంత పని ఆనాడే చేయగలిగిన చోట, ఈనాడు ఆపదలో ఉన్నవారి ఫోను మోగే ఏర్పాటు చేయలేకపోవడం న్యాయమా?

అబర్‌ఫాయిల్‌లో కారుతో ఎదురుచూసిన మా వారికి, పిల్లలను చూసుకున్న మా ఆడపడుచుకు కృతజ్ఞతలు.

రాయడం ముగించాక గుర్తొచ్చినవారు మరికొందరు ఉన్నారు. దారిలో ట్యూబు పగిలినప్పుడు తమ దగ్గరున్న ఒకే ఒక్క ట్యూబును నా చేతిలో పెట్టి వెళ్ళిన తండ్రీకొడుకులకు, ట్రొస్సాక్స్ రేవు దగ్గర ఫ్లాస్కులో వేడినీళ్ళు నింపి డబ్బు తీసుకోని అబ్బాయికి, ఈ ఉదయం దుకాణం తెరవకముందే టైరు మార్చి ఇచ్చిన మా వీధి సైకిలు మెకానిక్‌కు కూడా నా ధన్యవాదాలు. అయ్యో, తెల్లవారుజామునే లేచి పులిహోర కట్టిచ్చిన పక్క ఫ్లాట్ అక్కయ్యను మరచిపోయాను. అక్కా, డబ్బా ఇవ్వడానికి సాయంత్రం వస్తాను, మిగతా సంగతులు అప్పుడు చెబుతాను.