ఇంగ్లండ్‌లోని లింకన్ నుంచి నాన్నగారికి

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

నేను క్షేమం. ఈ వారం నైట్ డ్యూటీలు. పని మామూలే, రాయడానికేం లేదు.

ఫోన్‌లో "రోడ్లు డైసీగా ఉన్నాయి" అన్నానని అమ్మ అన్నం సరిగ్గా తినడం లేదట, తమ్ముడు చెప్పాడు. మీరేమో డిక్షనరీ తీస్తే పువ్వు కనిపించిందట! ఆ స్పెల్లింగ్ కాదు నాన్నగారూ. డి, ఐ, సి, ఇ, వై. కాస్త రిస్కు, ఎటైనా అవ్వచ్చు అని అర్థం. తెల్లవారుజామున రోడ్డు మీద కంటికి కనపడని మంచు పొర కడుతుంది, టైర్లు జారతాయి. అలాంటి రోజు నేను బస్సులోనే వెళ్తాను. అమ్మకి ఇంతవరకు చదివి వినిపించండి చాలు.

మిగతాది మీకు. డైస్ అంటే పాచికలు, దాన్నుంచి వచ్చిందీ మాట. 1940లలో, యుద్ధం రోజుల్లో, ఇక్కడి వైమానిక దళం కుర్రాళ్ళ యాస. మా లింకన్‌షైర్‌ని ఇప్పటికీ బాంబర్ కౌంటీ అంటారు, అప్పట్లో ఎటు చూసినా విమాన స్థావరాలేనట. కాన్విక్ కొండ మీద వాళ్ళ స్మారక స్తంభం ఉంది. లాంకాస్టర్ విమానం రెక్కల పొడవెంతో దాని ఎత్తు అంత, 31 మీటర్లు. చుట్టూ గోడల నిండా పేర్లు. సెలవు రోజున వెళ్ళి చదువుతూ నిలబడిపోయాను. బాంబర్ కమాండ్‌లో, అంటే బాంబులు వేసే విమానాల విభాగంలో, ఎగిరినవాళ్ళు సుమారు 1,25,000 మంది. పోయినవాళ్ళు 55,573. ఒక విడతలో 30 దాడులు పూర్తి చేస్తే విశ్రాంతి ఇచ్చేవారు, చాలామంది అందాకా మిగల్లేదు. మన తమ్ముడి ఈడు పిల్లలు. అలాంటి పనికి వాళ్ళు పెట్టుకున్న మాట ఇది. మొన్న మా వార్డులో ఒక పెద్దాయన గుండె ఆపరేషన్‌కి వెళ్తూ, "కొంచెం డైసీయే" అని నాకేసి కన్ను గీటాడు. బాగానే ఉన్నాడు లెండి.

ఇది అమ్మకి తెలియనివ్వకండి. పాచికలంటే చాలు, శకుని దగ్గర మొదలుపెట్టి నన్ను వెనక్కి రమ్మనేదాకా ఆగదు.

అసలు నా సంగతి సరే, హెల్మెట్ లేకుండా స్కూటర్ మీద హైవే ఎక్కి రాజమండ్రి వెళ్ళొచ్చారట? దాన్నేమంటారు? పైగా కంటి ఆపరేషన్ మళ్ళీ వాయిదా వేశారట. సంక్రాంతి వంక చెప్పకండి. తేదీ ఖాయం చేసుకుని తమ్ముడి చేత మెసేజ్ పెట్టించండి, డబ్బు ఆ రోజే పంపుతాను.

గోంగూర పచ్చడి చేరింది. నూనె కాస్త కారింది, పచ్చడి బాగుంది.

మీ చిన్నమ్మాయి